కాటా చీటీల నుంచి టాలీకి: ఒక్క కమాండ్‌తో లెక్కలు తీయడం, ఎక్కించడం

[తెర: పత్తి మిల్లు కాటా, పక్కన చీటీల కట్ట]

నమస్తే. మాది ఆదోని. పత్తి సీజన్ వచ్చిందంటే జిన్నింగ్ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరే ఊరు. అలాంటి ఒక మిల్లులో లెక్కలు నేను చూస్తాను. పొద్దంతా కాటా దగ్గర పడిన చీటీలన్నీ రాత్రి ఎనిమిదికి నా టేబుల్ మీదికొస్తాయి. రైతు పేరు, తూకం, రేటు, హమాలీ అన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొట్టేసరికి పదకొండయ్యేది. కానీ కాటా కంప్యూటర్‌లో ఇవన్నీ ముందే ఉన్నాయి కదా! ఒకరు కొట్టినదాన్నే ఇంకొకరు మళ్లీ కొడితే తప్పులు పెరుగుతాయి తప్ప లెక్క బాగుపడదు.

నెలకోసారి ఎక్కించేవాళ్లకు స్క్రిప్ట్, అంటే కమాండ్లను వరుసగా రాసిపెట్టిన ఫైలు, అక్కర్లేదు. టాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలును నేరుగా తీసుకుంటుంది, అది చాలు. రోజూ చేసే పనైతే ఈ వీడియో చూడండి.

[తెర: కమాండ్ ప్రాంప్ట్]

టాలీకి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో, అంటే ప్రతి వివరానికీ ఒక గుర్తు తగిలించి రాసే పద్ధతిలో, ఒక ఉత్తరం రాసి పంపితే, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే జవాబిస్తుంది. ముందు ఆ తలుపు తెరవాలి. ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, అందులో కనెక్టివిటీకి వెళ్లండి. టాలీప్రైమ్ ఎలా పనిచేయాలి అన్నచోట 'బోత్' పెట్టి, పోర్ట్, అంటే ఆ తలుపు నంబర్, 9000 ఉంచండి. టాలీ మూసి మళ్లీ తెరవండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 9000 కొడితే సర్వర్ నడుస్తోందని కనిపిస్తుంది. ఈ పోర్టును రౌటర్‌లో బయటికి మాత్రం తెరవకండి. అది మీ గల్లాపెట్టె తాళం.

ఉత్తరం పంపడానికి కర్ల్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. 2018 నుంచి విండోస్ 10తోనే వస్తోంది. పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే వేరే కమాండ్ నడుస్తుంది, అందుకే నేను కమాండ్ ప్రాంప్టే వాడతాను.

[తెర: ఎక్స్‌పోర్ట్ ఫైలు]

తీయడం సులువు. పంపే ఫైలులో పైన 'ఎక్స్‌పోర్ట్', ఐడీ దగ్గర 'డే బుక్' (రోజువారీ లావాదేవీల పట్టిక), కింద కంపెనీ పేరు, మొదటి తేదీ, చివరి తేదీ. తేదీని 20250401 లాగా ఏడాది, నెల, రోజు వరుసలో కలిపి రాయాలి. కంపెనీ టాలీలో తెరిచి ఉండాలి. కర్ల్ కమాండ్‌తో ఆ ఫైలు పంపగానే డే బుక్ మొత్తం ఇంకో ఫైలులో పడుతుంది. ఇందులో ఎన్నిసార్లు తప్పు చేసినా లెక్క చెడదు, కాబట్టి వారం రోజులు ఇదొక్కటే చేసి అలవాటు చేసుకోండి.

[తెర: ఇంపోర్ట్ ఫైలు, నెమ్మదిగా]

ఎక్కించడం అలా కాదు. మొదటి ఏడాది నేను రైతుల ఖాతాలను ఓపెనింగ్ బ్యాలెన్స్‌లతో, అంటే ఏడాది మొదట్లో ఉన్న బాకీలతో సహా పంపాను. జవాబు సరిగా చదవకుండా, పోలేదేమో అనుకుని మళ్లీ పంపాను. అప్పుడు సెట్టింగ్‌లో, అదే పేరుతో ఖాతా ముందే ఉంటే 'ఓపెనింగ్ బ్యాలెన్స్‌లు కలుపు' అని ఉంది. నలభై వేలు ఉన్న రైతు ఖాతాలో ఎనభై వేలు పడింది. బ్యాకప్ లేదు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో ఖాతా సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ బాకీలు రైతుల కష్టార్జితం. అందుకే ఇప్పుడు నా స్క్రిప్ట్‌లో మొదటి లైనే డేటా ఫోల్డర్‌ను తేదీ పేరుతో కాపీ చేసే లైను. కాపీ అయ్యేటప్పుడు టాలీ మూసి ఉంచుతాను. సెట్టింగ్ కూడా 'ఉన్నవాటిని వదిలేయ్' అని మార్చాను.

ముందు ఖాతాలు, తర్వాత వోచర్లు, అంటే ఒక్కో లావాదేవీ నమోదు. ఖాతా లేని పేరుతో వోచర్ పంపితే టాలీ తీసుకోదు. మన దగ్గర పెద్ద చిక్కు పేర్లే. రెడ్డి అన్న మాట ఇంగ్లీషులో ఒక చీటీలో వై అక్షరంతో, ఇంకో చీటీలో ఐ అక్షరంతో ముగుస్తుంది. లక్ష్మి పేరులో ఒకచోట కే, ఎస్, హెచ్, ఇంకోచోట ఎక్స్. పేరును నమ్మకుండా కాటా దగ్గరే ప్రతి రైతుకూ ఒక నంబర్ ఇచ్చి, ఆ నంబర్‌ను ఖాతా పేరులో చేర్చాం. గొడవ అక్కడితో తీరింది. 'అండ్ సన్స్' లాంటి పేర్లలో అండ్ గుర్తును ఉన్నదున్నట్టు రాస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ విరిగిపోతుంది. గుర్తు తర్వాత ఏ, ఎమ్, పి, సెమికోలన్ పెట్టాలి.

ఇక అంకెల గుర్తులు. క్వింటం 7,000 చొప్పున 12 క్వింటాళ్ల పత్తి కొన్నామనుకోండి, 84,000. పత్తి కొనుగోలు డెబిట్, కాబట్టి ఫైలులో మైనస్ 84,000. రైతు ఖాతా క్రెడిట్, మామూలుగా 84,000. డెబిట్‌కు మైనస్ ఏంటని మొదట్లో ఎవరికైనా తికమకే. రెండూ కూడితే సున్నా రావాలి, అంతే గుర్తుంచుకోండి.

[తెర: టాలీ జవాబు]

కొత్త స్క్రిప్ట్‌ను ముందు ప్రాక్టీస్ కంపెనీలో, ఒక్క వోచర్‌తో నడపండి. జవాబులో ఎన్ని క్రియేట్ అయ్యాయో, ఎన్ని ఎర్రర్లో ఉంటుంది. 80 పంపితే 77 ఎక్కి మూడు ఆగిపోవచ్చు. అప్పుడు మొత్తం ఫైలు మళ్లీ పంపకండి, ఎక్కిన 77 రెండోసారి పడే ప్రమాదం ఉంది. ఆ మూడింటినే వేరే ఫైలు చేసి పంపండి.

ఎక్కాక డే బుక్ మళ్లీ తీయండి. కాటా మొత్తం, డే బుక్ మొత్తం పైసాతో సహా సరిపోతే, స్క్రిప్ట్‌లోని చివరి లైను ఆ రోజు ఫైలును 'ఎక్కినవి' ఫోల్డర్‌లోకి జరిపేస్తుంది. తేడా వస్తే జరపదు, ఫైలు అక్కడే ఉంటుంది. మరుసటి రోజు పొద్దున నేను మొదట చూసేది ఆ ఫోల్డర్‌నే.