రిపోర్టు బాగున్నా ఫిల్టర్ కోయండి

(అమలాపురంలో డిప్లొమా మెకానికల్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కోనసీమలో కూర్చుని విమానం ఇంజిన్ల ఆయిల్ పరీక్ష గురించి మాట్లాడుకోవడమేంటని కొందరికి అనిపించొచ్చు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి ఎంతో దూరం లేదండీ. సముద్రంలో చమురు రిగ్గుల మీద పనిచేసేవాళ్లు అక్కణ్ణుంచే హెలికాప్టర్లెక్కి వెళ్తారు. మీలో ఒకరిద్దరైనా రేపు ఆ హేంగర్లలో పని చేయొచ్చు.

ఇంజిన్లో రాసుకునే ప్రతి భాగం నుంచీ కంటికి ఆనని లోహపు పొడి ఆయిల్లో కలుస్తుంది. ఆ ఆయిల్ చుక్కను ల్యాబులో స్పెక్ట్రోమీటర్‌లో మండిస్తే ఒక్కో లోహం ఒక్కో రకం కాంతినిస్తుంది. దాన్నిబట్టి పది లక్షల పాళ్లలో ఏ లోహం ఎన్ని పాళ్లుందో తేలుతుంది. పీపీఎం అంటాం. 1940ల్లో అమెరికా రైల్వేలు డీజిల్ ఇంజిన్లకు మొదలుపెట్టిన పని ఇది, విమానాలకు తర్వాత వచ్చింది. శిక్షణ విమానాల పిస్టన్ ఇంజిన్లో అల్యూమినియం పెరిగితే పిస్టన్‌ను, క్రోమియం పెరిగితే రింగుల్ని, రాగి పెరిగితే కంచు బుష్‌ల్ని అనుమానిస్తాం. సిలికాన్ అంటే దుమ్ము, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. సీసం మాత్రం వేలల్లో కనిపిస్తుంది. బేరింగులు పోయాయని కొత్తవాళ్లు హడలిపోయేది అక్కడే. అది ఏవ్‌గ్యాస్‌లో, అంటే ఈ విమానాల పెట్రోల్లో కలిపే సీసం, రింగులు దాటుకుని ఆయిల్లోకి దిగుతుంది, అంతే.

ఇనుము దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మనది ఉప్పుగాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించే లైకమింగ్ ఇంజిన్లలో వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన, క్రాంక్‌షాఫ్ట్ కింద ఉంటాయి. విమానం వారాల తరబడి కదలకపోతే క్యామ్ మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి, దాని మీది ఉబ్బెత్తులు, అంటే లోబ్‌లు, తుప్పు పడతాయి. మళ్లీ స్టార్ట్ చేసిన రోజు నుంచి లోబ్, అది నెట్టే ట్యాపెట్ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. “ఎగరనే లేదు కదండీ, అరుగుదల ఎక్కణ్ణుంచి వచ్చింది?” అంటారు ఓనర్లు. ఎగరకపోవడం వల్లే వచ్చింది! వారానికోసారి నేలమీద పది నిమిషాలు తిప్పి ఆపేస్తే లాభం లేకపోగా నష్టం. ఆయిల్ 80 డిగ్రీలు దాటి కాసేపు అలాగే ఉంటేగానీ అందులోని తేమ పోదు.

ఇక అంకెలు. ఇనుము 40 పీపీఎం అని రిపోర్టొచ్చింది. ఎక్కువా, తక్కువా? ధవళేశ్వరం దగ్గర నీరు 11 అడుగులుందంటే, మొదటి హెచ్చరిక 11.75కి గదా అని లంకల్లోవాళ్లు నిద్రపోరు. “ఎక్కుతోందా, తీస్తోందా?” అని అడుగుతారు. మనమూ అదే అడగాలి. పోయినసారి ఎంత, ఆ తర్వాత ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, మధ్యలో ఎంత ఆయిల్ పోశారు? ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఏడున్నర లీటర్లు పట్టే ఇంజిన్‌కి 50 గంటల్లో ఐదు లీటర్లు టాపప్ చేశారనుకోండి. అరిగిన ఇనుములో కొంత కాలిపోయిన ఆయిల్‌తోపాటే బయటికి పోతుంది, రిపోర్టులో సుమారు ముప్పావు వంతే మిగులుతుంది. అంటే రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలెట్టాక అంకె తగ్గి, ఇంజిన్ బాగుపడినట్టు కనిపిస్తుంది. లాగ్‌బుక్‌లో టాపప్ రాయని హేంగర్ ల్యాబుకి డబ్బులు కట్టడం దండగని నా అభిప్రాయం.

శాంపిల్ ఇంజిన్ వేడిగా ఉండగానే, డ్రెయిన్ ధార మధ్యలో పట్టాలి. మొదటి ధారలో సంపు, అంటే ఆయిల్ నిలిచే తొట్టి, అడుగు మడ్డి వస్తుంది.

అసలు చిక్కు మరోటుంది. స్పెక్ట్రోమీటర్‌కి ఐదు నుంచి పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లోపు పొడే బాగా కనిపిస్తుంది. బేరింగ్ పెచ్చులూడి వంద మైక్రాన్ల తునకలు రాలుతున్నా రిపోర్టు శుభ్రంగా ఉండొచ్చు. ఆ తునకలు దొరికేది ఆయిల్ ఫిల్టర్లో, లేదా ఆయిల్లోని తునకల్ని పట్టే చిప్ డిటెక్టర్ అయస్కాంతం మీద. 2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరంలో రిగ్గు నుంచి తిరిగొస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి 16 మంది చనిపోయారు. కారణం ప్రధాన గేర్‌బాక్స్. మార్చి 25నే దాని చిప్ డిటెక్టర్ మీద ఒక తునక దొరికింది. అదేమిటో అప్పుడు సరిగా పోల్చుకోలేకపోయారు. ఆ తర్వాత హెలికాప్టర్ ఎగిరింది సుమారు 36 గంటలు. 2016లో నార్వేలో మరో హెలికాప్టర్ గేర్‌బాక్స్ పగిలి 13 మంది పోయారు. అక్కడ పగులు గేర్ లోపల్లోపలే పాకింది, చిప్ డిటెక్టర్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. నూనెలోకి ఏమీ రాల్చకుండానే విరిగే భాగాలు కూడా ఉంటాయన్నమాట.

ఫిల్టర్‌ని హాక్సా బ్లేడుతో కోయకండి, ఆ రజనే లోపలపడి మీరే కంగారుపడతారు. దీనికి గుండ్రంగా తిరిగే కట్టర్ ఉంటుంది, తెచ్చాను. మడతలు విప్పి, కిరసనాయిలుతో కడిగి, తెల్లగుడ్డ మీద వడకట్టి, కింద అయస్కాంతం ఆడించి చూడండి. కదిలితే ఉక్కు. కదలకపోతే అల్యూమినియమో, కంచో, ఒక్కోసారి ఉత్త మసిబొగ్గు. రొయ్యల చెరువు గట్టు మీది డీజిల్ జనరేటర్‌కైనా ఇదే పద్ధతి, ల్యాబు అక్కర్లేదు. బల్ల మీద రెండు ఫిల్టర్లున్నాయి. వెనకవాళ్లు ముందుకు రండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి.