గుంపు పెరిగితే ఈత: స్పాంజిలోని ఒక బ్యాక్టీరియా, దాన్ని పరీక్షించే ప్లేటు

అందరికీ నమస్కారం. తిరుపతికి సముద్రం కాస్త దూరమే. అయినా ఈ పూట చెప్పుకునే బ్యాక్టీరియాకు ఉప్పునీటి మాధ్యమం, 28 డిగ్రీల ఇంక్యుబేటరు ఉంటే చాలు.

దాని పేరు రూజీరియా కేఎల్‌హెచ్11. మైకేలే లాక్సిస్సిమా అనే స్పాంజి (సముద్రంలో ఒకేచోట అతుక్కుని బతికే జంతువు) నుంచి వేరుచేసింది. కొన్ని స్పాంజుల్లో మూడో వంతు దాకా బ్యాక్టీరియాయే. అంత ఇరుకులో ఒక్కో కణం ఏసైల్ హోమోసెరీన్ లాక్టోన్ అనే అణువును వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ అది పోగుపడుతుంది. ఎస్ఎస్ఏ-ఐ ఎంజైము దాన్ని తయారుచేస్తుంది, ఎస్ఎస్ఏ-ఆర్ ప్రోటీను పట్టుకుంటుంది. ఆ తర్వాత సీసీకే-ఏ, సీహెచ్‌పీ-టీ, సీటీఆర్-ఏ ప్రోటీన్లు ఒకదానికొకటి ఫాస్ఫేటు అందించుకుంటే కశాభం, అంటే ఈదడానికి వాడే తోక లాంటి పోగు, దాని జన్యువులు పనిలోకి దిగుతాయి.

గుంపు కడితే బ్యాక్టీరియా ఈత మాని అతుక్కుపోతుందని మామూలుగా పాఠంలో వింటాం. ఇక్కడ తిరగబడింది. 2012 నాటి పరిశోధనలో ఎస్ఎస్ఏ-ఐ, ఎస్ఎస్ఏ-ఆర్ జన్యువులు చెడిన రకాలు ఈదలేదు, పైగా బయోఫిల్మ్ (అతుక్కుని కట్టే జిగురు పొర) ఎక్కువ కట్టాయి. ఇరుకైన చోటు వదిలి పోవడానికేనని నా అంచనా.

అసలు తంటా ఈత ప్లేటు దగ్గరే. మెత్తని అగార్ (గడ్డకట్టించే పొడి) మధ్యలో బ్యాక్టీరియాను పెడితే, ఈదేవి చుట్టూ వలయంగా పరుచుకుంటాయి. సముద్రపు బ్యాక్టీరియాకు పోషక ద్రవం చేసే మెరైన్ బ్రాత్ 2216 పొడి లీటరుకు 37.4 గ్రాములు, అగార్ 2.5 గ్రాములు. అగార్ పూర్తిగా కరగాలి, లేకపోతే ప్లేటులో అక్కడక్కడా గట్టిపడి వలయం వంకర్లు పోతుంది. అర శాతానికి పెంచారా, లోపల ఈదడానికి సందు చాలదు. ప్లేటుకు 25 మిల్లీలీటర్లు పోసి, గడ్డకట్టాక కాసేపు మాత్రమే ఆరనివ్వండి. ఎక్కువ తడి ఉంటే కణాలు పైన పారి ఈదినట్టు కనిపిస్తాయి. మన వేసవిలో ఎక్కువ ఎండిపోవడమే మామూలు, అందుకే తడి దూది వేసి మూతపెట్టిన డబ్బాలో ఉంచాలి. తిప్పి బోర్లించకండి, మెత్తని అగార్ జారుతుంది. బ్యాక్టీరియా అంటించిన సూదిని అగార్ మధ్యలోకి గుచ్చండి, అడుగుకు తగలనివ్వకండి.

వలయం చిన్నదైతే ఈత లేదని రాసేయకండి. నెమ్మదిగా పెరిగే రకం కూడా అలాగే ఉంటుంది. అదే రకాన్ని బ్రాత్‌లో పెంచి పెరుగుదల రేఖ గీయాలి. ఆ తర్వాత ఎస్ఎస్ఏ-ఐ లేని రకానికి సంకేత అణువును బయట నుంచి ఇవ్వండి: వలయం తిరిగి వస్తే లోపం సంకేతంలోనే. ఎస్ఎస్ఏ-ఆర్ లేని రకానికి ఎంత ఇచ్చినా పట్టుకునే ప్రోటీనే లేదు కాబట్టి అది కదలకూడదు. కదిలిందంటే ముందు ప్లేటు కలుషితమైందేమో చూడండి.