పాత ఫోటోకి ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?

శ్రోతలకు నమస్కారం.

పొద్దున ఫోన్‌లో తీసిన ఫోటోని ఒక్క మీట నొక్కి 1985 నాటిదిగా మార్చేసే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. కాస్త పసుపు, కాస్త ఎరుపు, పైన గరుకు, అంచున ఒక నారింజ చార, కింద మూలన తేదీ. ఇదంతా కలిపి ఫిల్మ్ లుక్ అంటున్నారు. నిజానికి ఇందులో ఫిల్మ్ సొంత గుణాలు ఒకటో రెండో. మిగతావి బల్బు చేసినవి, ల్యాబ్ చేసినవి, కెమెరా తలుపు చేసినవి, బీరువాలో గడిచిన ముప్పయ్యేళ్లు చేసినవి. ఏది దేనివల్ల వచ్చిందో విడదీస్తే మనకు కావలసింది డిజిటల్‌లో కూడా రాబట్టుకోవచ్చు.

అసలు గుణం తెలుపులో ఉంది. మిట్టమధ్యాహ్నం ముహూర్తం, ఆరుబయట పందిరి, వధూవరుల ఒంటిమీద తెల్లటి మధుపర్కాలు. కలర్ నెగెటివ్ మీద తీస్తే ఆ నూలు బట్ట మడతలు, నేత, అక్కడక్కడ పడ్డ పసుపు మరకతో సహా నిలుస్తాయి. డిజిటల్‌లో వెలుగు ఒక్క స్టాపు ఎక్కువైతే, అంటే రెట్టింపైతే చాలు, భుజం దగ్గర బట్ట ఉత్త తెల్లకాగితమైపోతుంది. కారణం ఇది. ఫిల్మ్ మీద జెలటిన్ పూతలో వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. వెలుగు తగిలినవి డెవలపర్ అనే రసాయనంలో వెండిగా మారతాయి. వెలుగు పెరిగేకొద్దీ మారాల్సినవి తక్కువ మిగులుతాయి కాబట్టి ఆ మార్పు నెమ్మదిస్తుంది. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గ్రాఫు గీశారు. పైకి వెళ్లిన గీత వెలుగు బాగా ఎక్కువైన చోట మెల్లగా వంగుతుంది. సెన్సారులో ఆ వంపు లేదు. పిక్సెల్ ఒక గ్లాసు అనుకోండి, నిండేదాకా సమానంగా నిండుతుంది, నిండాక ఎంత పోసినా లెక్కలోకి రాదు.

అందుకే ఈ రెండింటికీ ఎక్స్‌పోజర్, అంటే లోపలికి పడే వెలుగు, కొలిచే పద్ధతి తలకిందులు. నెగెటివ్ అయితే నీడలు చూసుకోవాలి. 200 ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే వేగం) కలర్ రీలు రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఒక్క స్టాపుకే నీడలు బురదలా మారి గరుకు తేలుతుంది. చాలామంది 200 రీలుకి కెమెరాలో 100 పెట్టి, ఒక స్టాపు ఎక్కువ వెలుగుతో తీసేది ఇందుకే. డిజిటల్ అయితే వెలుగు చూసుకోవాలి. మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి, రా ఫైలులో (సెన్సారు పట్టినదాన్ని దిద్దకుండా దాచే ఫైలు) తీసి, నీడలు తర్వాత లేపాలి. ఆపైన ఎడిటింగ్ యాప్‌లో కర్వ్ అనే వెలుగు గ్రాఫులో తెలుపు చివరను 255 నుంచి 245 దగ్గరికి దించి, దాని కింద గీతను కొంచెం వంచండి. ఏ ఫిల్టరూ వేయకుండానే సగం ఫిల్మ్ లుక్ ఇక్కడే వచ్చేస్తుంది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్ సంగతి వేరు. అది ఎక్కువ వెలుగుని అసలు ఓర్చుకోదు, ఆ విషయంలో డిజిటల్‌కే దగ్గర.

గరుకు కూడా ఫిల్మ్‌దే, కానీ యాప్ చల్లినట్టు ఫోటో అంతా ఒకే మోతాదులో ఉండదు. సరిగ్గా తీసిన కలర్ నెగెటివ్‌లో బాగా వెలుగున్న చోట నున్నగా ఉంటుంది, ఆకాశంలాంటి మధ్యరకం బూడిద రంగులోనూ, వెలుగు చాలని నీడల్లోనూ కనిపిస్తుంది. కంప్యూటర్లో ఈ గరుకు, అంటే గ్రెయిన్, కలిపేవాళ్లు తెల్ల భాగాల్లో దాన్ని తగ్గిస్తే నమ్మేలా ఉంటుంది.

ఇక పసుపు. అప్పటి రీలు పగటి వెలుగుకి, అంటే సుమారు 5500 కెల్విన్‌కి (వెలుగు రంగుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు) చేసింది. పెళ్లిళ్లలో వీడియో వాళ్ల హాలోజన్ లైటు 3200 కెల్విన్ దగ్గర ఉంటుంది, కాబట్టి ముహూర్తం ఫోటోలు నారింజకి తిరిగేవి. ట్యూబులైటు కింద ఆకుపచ్చ. డిజిటల్ కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌తో ఈ తేడాను చెరిపేస్తుంది. ఆ పాత వెచ్చదనం కావాలంటే దాన్ని ఆపి, సూర్యుడి బొమ్మ గుర్తు మీద పెట్టి వదిలేయండి. కాకపోతే ఇప్పటి ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటీ ఒక్కో రంగు, హాలోజన్ పసుపు అన్నిటికిందా రాదు.

ఆల్బమ్‌లో ఎర్రబారిన ఫోటోల విషయంలో మాత్రం ఫిల్మ్‌ని మెచ్చుకోనక్కర్లేదు, అది కాగితం ముసలితనం. కలర్ ప్రింటులో నీలి, గులాబి, పసుపు రంగులు మూడు పొరలుగా ఉంటాయి. 1970ల, 80ల కాగితాల్లో నీలిపొర చీకట్లో ఉన్నా వెలిసిపోయేది. మిగిలిన రెండూ కలిస్తే ఎరుపు. అదే ఫోటోని ఎండ తగిలే గోడకి తగిలిస్తే తరచు గులాబి, పసుపు ముందు పోయి నీలంగా మారుతుంది. నలుపు తెలుపు ఫోటోలో ఉన్నది వెండి, కాబట్టి ఈ గొడవ లేదు. గోధుమ రంగు మరకలు కనిపిస్తే, చాలాసార్లు స్టూడియోలో ఫిక్సరు అనే రసాయనాన్ని సరిగ్గా కడగలేదని అర్థం. పాత మందపాటి కాగితాన్ని గంటసేపు పారే నీళ్లలో ఉంచాలి. పెళ్లిళ్ల సీజన్లో ఆ ఓపిక అందరికీ ఉండేది కాదు.

యాప్‌లు అతికించే నారింజ చార అచ్చంగా లోపమే. కెమెరా వెనక తలుపు గాడిలో నల్లటి స్పాంజి ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది తారులా జిగురై రాలిపోతుంది, కీలు దగ్గర వెలుతురు దూరుతుంది. ఫిల్మ్‌లో నీలం పట్టే పొర పైన, ఆకుపచ్చది మధ్య, ఎరుపుది అడుగున ఉంటాయి. వెనకనుంచి వచ్చిన వెలుతురు ముందు ఎరుపు పొరకి తగులుతుంది, అందుకే చార ఆ రంగులో వస్తుంది. రాత్రి ఫోటోల్లో బల్బు చుట్టూ కనిపించే ఎర్రటి వలయానిదీ ఇదే దారి. పొరలన్నీ దాటిన వెలుగు అడుగుకి తగిలి వెనక్కి తిరుగుతుంది. సినిమా రీలుకి దీన్ని ఆపే నల్లటి కార్బన్ పూత వేసేవారు. ఆ పూత లేకుండా స్టిల్ కెమెరాలకి అమ్మే సినీస్టిల్ రీల్లో వలయం కొట్టొచ్చినట్టు కనపడేది ఇందుకే.

ఇంట్లో యషికా ఎంఎఫ్-2 లాంటి పాత ఫిల్మ్ కెమెరా దొరికి రీలు వేద్దామనుకునేవారు ముందు ఆ స్పాంజి మార్పించండి. రీలు ఎక్కించాక తలుపు మూసి తిప్పేటప్పుడు ఎడమవైపు రివైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా చూడండి. తిరగకపోతే రీలు కొస (నాలుక) చక్రానికి పట్టలేదు, 36 ఫోటోలు తీసినా ఒక్కటీ పడదు. రీళ్లు ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు, అయితే బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరవకూడదు. రెండు గంటలు ఆగితే చెమ్మ పట్టదు.

నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడిగేవారికి మన ఎండాకాలం పెద్ద చిక్కు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కి నీళ్లు కలపని డి-76 అనే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మేలో విజయవాడ కుళాయి నీళ్లు 30 దాటి ఉంటాయి. ఆ వేడికి టైము అయిదు నిమిషాల లోపుకి పడిపోయి మరకలు మరకలుగా డెవలప్ అవుతుంది, జెలటిన్ ఉబ్బి గీతలు పడుతుంది. ఐసు ముక్కల్ని పాలిథిన్ సంచిలో మూటగట్టి డెవలపర్ సీసా ఉన్న టబ్బులో వేయండి, మందులో నేరుగా వేస్తే పలచబడుతుంది. ఫిక్సరు, కడిగే నీళ్లు కూడా అదే చల్లదనంలో ఉండాలి. రీలు ఉన్న ట్యాంకుని మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, తర్వాత ప్రతి నిమిషం నాలుగుసార్లు తలకిందులు చేయాలి. ప్రతిసారీ అడుగుని బల్లకేసి ఒకటి కొట్టాలి, లేకపోతే గాలిబుడగ నిలిచిన చోట ప్రింటులో గుండ్రటి నల్లమచ్చ వస్తుంది.

కెమెరా జోలికి పోనివారు కూడా ఇంట్లో ఉన్న నెగెటివ్‌లు బయటికి తీయండి. ప్రింటు ఎర్రబడినా నెగెటివ్‌లో రంగులు చాలావరకు నిలిచి ఉండొచ్చు. స్కాన్‌కి 2400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అడగండి. 35 ఎంఎం నెగెటివ్‌కి సుమారు 3400, 2270 పిక్సెళ్లు వస్తాయి, 12కి 8 అంగుళాల ప్రింటుకి అది సరిపోతుంది. మెరుపు తక్కువగా ఉన్న వైపే బొమ్మ ఉంటుంది, దాని మీద వేలు పెట్టకండి. తీరప్రాంతపు చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే లాగితే పొర ఊడొస్తుంది, డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి విడదీయాలి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్ అడుగుపొర కుళ్లుతోందన్నమాట. ఆ వాసన పక్కవాటికీ ఆ జబ్బు తెస్తుంది. వాటిని వేరే కాగితపు కవరులో పెట్టి, అన్నిటికంటే ముందు స్కాన్‌కి పంపండి.