గుంటా, తొంగోకు

నమస్కారమండీ. ఈ పావుగంటలో మీకిష్టమైన విషయం ఏదైనా మాట్లాడమని రేడియోవాళ్ళు అన్నారు. ఇష్టం సంగతి అలా ఉంచితే, నలుగురికీ వినపడేలా చెప్పాలని నేను ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నది ఒకటుంది. ఒక మనిషి గురించి. ఆయన పేరు నాకు తెలీదు, ఊరు తెలీదు, ముఖం కూడా సరిగ్గా చూడలేదు, ఎందుకంటే ఆయనతో నేనున్నదంతా చిమ్మచీకట్లోనే. ఆ రాత్రి ఆయన నాతో చాలా మాటలే అని ఉంటాడు గానీ నాకు గుర్తున్నవి రెండే రెండు, ఆ రెండూ ఇరవై ఏళ్ళపాటు నాకు తప్పుగానే అర్థమయ్యాయి.

మాది దివిసీమ. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది, ఆ పాయలకీ సముద్రానికీ మధ్యన ఉన్న నేల మాది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి అని వినే ఉంటారు. నాగాయలంకకి దగ్గర్లో చిన్న పల్లె మాది. తాటాకు ఇళ్ళు, నాలుగైదు పెంకుటిళ్ళు, ఒక్కటంటే ఒక్క డాబా.

1977 నవంబరు 19, శనివారం. మావైపు పెద్దవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ తేదీ చెప్తారు. నాకప్పుడు ఏడేళ్ళు. వరి కోతకొచ్చి ఉంది, కోతల కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చిన కూలీలు ఊరికి దక్షిణాన, సముద్రం వైపు, పాకలు వేసుకుని ఉన్నారు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారని నాన్న ఎవరింట్లోనో విని వచ్చి అన్నాడు. మా నాయనమ్మ నవ్వేసింది. "తుఫాను మనకేం కొత్తట్రా, ఏడాదికోసారి వచ్చే చుట్టమేగా" అంది. ఆవిడని తప్పు పట్టడానికేం లేదు, ఆవిడ ఎన్ని గాలివానలు చూసిందో. గాలికి ఇంటికప్పు లేచిపోతుందని అందరికీ తెలుసు, సముద్రమే లేచి ఊళ్ళోకి వస్తుందని మాత్రం ఎవరి ఊహలోనూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది నాకు పెద్దయ్యాక చదివితే గానీ తెలియలేదు. ఆ తుఫాను తీరం దాటింది మా దగ్గర కాదు, చీరాల వైపు. మరి అంత నీళ్ళు మా మీదకెందుకు వచ్చాయంటే, మన బంగాళాఖాతం తుఫానులో గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా తిరుగుతుంది కదా, దాంతో అది వెళ్ళే దారికి కుడిచేతి వైపున ఉన్నవాళ్ళ మీదకి గాలి సముద్రం నుంచి నేలకేసి తోస్తుంది. మేం సరిగ్గా ఆ కుడిచేతి వైపున ఉన్నాం. మా దగ్గర సముద్రం లోతు కూడా తక్కువ, తోసుకొచ్చిన నీళ్ళు కిందకి పోవడానికి చోటు లేక పైకి లేస్తాయి. దాన్నే ఉప్పెన అంటాం. అయిదు మీటర్ల ఎత్తున వచ్చిందంటారు, అంటే మా తాటాకు ఇంటి నడికప్పు కంటే పైకి.

సాయంత్రం గాలి మాటలు వినపడనంత అయిపోయాక నాన్న మమ్మల్ని అందర్నీ డాబా ఇంటికి బయల్దేరదీశాడు. అమ్మ చంకలో తమ్ముడు, నాన్న చేతిలో నా చెయ్యి, వెనకాల నాయనమ్మ. సగం దూరం కూడా వెళ్ళలేదు. చీలమండల దాకా ఉన్న నీళ్ళు నాన్న నడుము దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నాకైతే నేలే కిందకి జారిపోయినట్టు అనిపించింది. నాన్న చెయ్యి వదిలేశాడా, నేనే వదిలేశానా? నాన్న పోయేదాకా ఈ ప్రశ్న మా ఇద్దరి మధ్యా ఉండేది, ఒక్కరోజు కూడా ఇద్దరం దాన్ని నోటితో అనుకోలేదు.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఉప్పునీళ్ళు, గడ్డి, ముక్కులో మంట. ఎవరిదో ఇంటికప్పు ఊడి తెప్పలా తేలుతుంటే దాని తాటాకులు నా గౌను పట్టుకున్నాయి, నేను వాటిని పట్టుకోలేదు. అప్పుడు ఒక చెయ్యి నా జుట్టు పట్టి పైకి లాగింది. ఆ కప్పు కొట్టుకుపోయి తాడిచెట్ల మధ్య తుమ్మకంపలో ఇరుక్కుంది, లేకపోతే సముద్రంలోకే పోయేవాళ్ళం. ఆయన తన తలకి చుట్టుకున్న తుండుగుడ్డ తీసి నన్ను తన రొమ్ముకి కట్టుకున్నాడు. వీపు గాలికి పెట్టి, కంప కొమ్మని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళలో కొట్టుకొచ్చే దూలాలూ కర్రలూ వచ్చి ఆయన వీపుకి తగిలినప్పుడల్లా ఆ దెబ్బ నా ఎముకల్లో కూడా అదిరేది. నా కుడికాలికి ఇప్పటికీ తుమ్మముళ్ళు గీసిన మచ్చలున్నాయి. ఆయన ఒళ్ళు ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన నా చెంప మీద తట్టి, చెవిలో అరుస్తున్నాడు: "గుంటా, తొంగోకు! గుంటా, తొంగోకే!"

మావైపు గుంట అంటే గొయ్యి. ఈయన నన్ను గొయ్యి అంటాడేంటి అనుకున్నాను, అంత భయంలోనూ కాస్త కోపం కూడా వచ్చింది. తొంగోకు అంటే తొంగిచూడకు అంటున్నాడనుకున్నాను. పక్కన గొయ్యి ఉంది, తొంగిచూడకు అంటున్నాడన్నమాట! సరేనని ఆయన మెడలో ముఖం దాచేసుకుని, కళ్ళు బిగించి మూసుకుని, కిందకి ఒక్కసారి కూడా చూడకుండా తెల్లారేదాకా అలాగే ఉన్నాను. చూసేస్తానేమోనన్న భయంతో నిద్ర కూడా పోలేదు. తెల్లారాక ఆ నీళ్ళు తీసేసిన చోట పెద్దవాళ్ళు చూసినవి, కంపలకి వేలాడుతున్నవి, ఇక్కడ చెప్పను. నేను తొంగిచూడలేదు, అంతే.

పొద్దున్నే నీళ్ళు లాగేశాయి. ఆయన నన్ను భుజానేసుకుని మోకాళ్ళ లోతు బురదలో నడిచి కాలవ గట్టు మీదకి తెచ్చాడు. అక్కడ ప్రాణంతో ఉన్న ఓ పదిమంది కూర్చుని ఉన్నారు. ఒక ముసలామె ఒళ్ళో నన్ను కూర్చోబెట్టి, తుండుగుడ్డ నా మీద కప్పి, "మావోళ్ళని సూసొస్తాను" అన్నాడు. మళ్ళీ దక్షిణానికే, ఆ కూలీల పాకలు ఉండిన వైపుకే వెళ్ళాడు. ఆ మాట నాకు గుర్తులేదు, ఆ ముసలామె మా అమ్మకి చెబితే అమ్మ నాకు చెప్పింది. ఆయన తిరిగి రాలేదు.

అమ్మా నాన్నా దొరికారు. నాయనమ్మ, తమ్ముడు దొరకలేదు.

పదివేల మంది దాకా పోయారని అధికారిక లెక్క, మావైపు అడిగితే అంతకి ఎక్కువే చెప్తారు. కోతలకని వచ్చి, ఏ ఊరి జాబితాలోనూ పేరు లేకుండా పాకల్లో ఉన్నవాళ్ళని ఎవరు ఎలా లెక్కేశారో నాకైతే అనుమానమే. తర్వాత మా కోసం చాలామంది వచ్చారు. మండలి వెంకటకృష్ణారావు గారు ఊరూరా తిరిగారు, అందుకే ఆయన్ని మావాళ్ళు దివిసీమ గాంధీ అంటారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు అడిగారు. ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి ముక్కులకి గుడ్డలు కట్టుకుని శవాలు ఎత్తారు. అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాం, వాళ్ళ పేర్లు చెప్పుకుంటాం, విగ్రహాలు పెట్టుకున్నాం. నాకు ప్రాణం నిలబెట్టినాయనకి మాత్రం చెప్పుకోవడానికి పేరు లేదు.

కృతజ్ఞత అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడినట్టు నాకు గుర్తులేదు, అది తెలుగు వాచకంలో మాట. అమ్మ మాత్రం నాకు తలంటుతున్నా, జడ వేస్తున్నా, కాలి మీద మచ్చ కనపడితే చాలు, "ఏ తల్లి కన్న బిడ్డో" అనేది. పదో తరగతి పాసైతే "ఏ తల్లి కన్న బిడ్డో", ఉద్యోగమొస్తే "ఏ తల్లి కన్న బిడ్డో". నా పెళ్ళిలో పీటల మీద కూడా అంది, మా ఆయన తనని అంటోందనుకుని తెగ మురిసిపోయాడు. ఆ తుండుగుడ్డని ఉతికి చాన్నాళ్ళు వాడాం. చిరిగాక అమ్మ దాన్ని మసిగుడ్డ చేసింది. దాచిపెట్టుకోవాల్సింది కదా అని మీరనచ్చు, గుడ్డముక్క కూడా మిగలని ఇంట్లో గుడ్డ ఎవరు దాస్తారండీ.

1997లో బ్యాంకు ఉద్యోగంలో నన్ను శ్రీకాకుళం జిల్లాకి ట్రాన్స్‌ఫర్ చేశారు. ఇంత దూరమా అని ఏడ్చుకుంటూ వెళ్ళాను. వెళ్ళిన నెలలోపే ఒకరోజు టెక్కలి బస్సులో కూర్చుని ఉంటే, ముందు సీట్లో ఒకావిడ భుజం మీద తల వాల్చేస్తున్న పిల్లని కుదుపుతూ, "గుంటా, తొంగోకే, ఊరొచ్చేసినాది" అంది.

నేను దిగాల్సిన స్టాపు వెళ్ళిపోయింది. ఆవిడతో పాటే దిగి, "అమ్మా, తొంగోకు అంటే ఏంటమ్మా" అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "నిద్దరోకు అని" అంది. గుంట అంటే? "ఆడపిల్ల." అక్కడే రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చుండిపోయాను. నిద్రపోతే పిల్లకి పట్టు సడలుతుంది, చలికి బిగుసుకుపోతుంది, తడిసిన ఆ తుండు ముడి ఒక్కటే ఆపలేదని ఆయనకి తెలుసు. అందుకని రాత్రంతా నన్ను నిద్రపోవద్దు అమ్మాయీ, నిద్రపోవద్దు అని బతిమాలాడన్నమాట. నేను మాత్రం గొయ్యిలోకి తొంగిచూడకుండా ఉన్నాను!

తొంగోవడమనే మాట తూర్పుగోదావరి వైపు కూడా ఉందని తర్వాత ఎవరో చెప్పారు, గుంట అనడం మాత్రం శ్రీకాకుళం, విజయనగరాల వైపే ఎక్కువట. అక్కడున్న మూడేళ్ళూ వెతికాను. పింఛను డబ్బుల కోసం బ్రాంచికొచ్చే ముసలివాళ్ళని కౌంటరు దగ్గరే అడిగేదాన్ని, 77లో కృష్ణాజిల్లా కోతలకి మీ ఊరినుంచి ఎవరైనా వెళ్ళారా అని. లైను ఆగిపోతోందని మేనేజరు గారు విసుక్కునేవారు. ఒక తాత మాత్రం వేలిముద్ర వేసి, ఇంకు తలకి రాసుకుంటూ, "ఎంతమంది ఎల్లారో ఎవుడు రాసుకున్నాడమ్మా, రానోళ్ళు సచ్చిపోనారో, ఆ పక్కనే ఉండిపోనారో" అన్నాడు. అంతకుమించి ఏమీ తెలియలేదు.

మా అబ్బాయికి ఏడేళ్ళు వచ్చిన ఏడాది నాకు ఇంకో సంగతి తట్టింది, అంతవరకూ తట్టలేదంటే సిగ్గుగానే ఉంది. "మావోళ్ళని సూసొస్తాను" అన్నాడంటే ఆయనకి ఆ పాకల్లో ఎవరో ఉన్నారు. పెళ్ళామా, పిల్లలా, అన్నదమ్ములా? ఆ రాత్రంతా నన్ను కట్టుకుని కూర్చున్నవాడి మనసు ఎటు పీకి ఉంటుంది! గుంటా గుంటా అని పిలిచింది నన్నేనా, లేక ఆయనకీ ఒక గుంట ఉందా? దీని గురించి ఎక్కువసేపు ఆలోచించలేను, ఒంట్లో వణుకు వస్తుంది.

1990 మే నెలలో మళ్ళీ అంతటి తుఫానే మా కృష్ణా తీరానికి వచ్చింది. ఆ సారి ముందే లక్షన్నర మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. చనిపోయింది దాదాపు వెయ్యి మంది. తక్కువేం కాదు, కానీ 77తో పోల్చి చూడండి. ఆ ఖాళీ చేయించే లారీ ఎక్కనని మొండికేసిన పక్కింటి ముసలాయన్ని మా నాన్న ఎత్తి లారీలో పడేశాడు. ఆయన నాన్నని నానా బూతులూ తిట్టాడు. నాన్న ఏమీ అనలేదట, చెయ్యి మాత్రం లారీ కదిలినా వదల్లేదట.

ఇక ఒక్కటి చెప్పి ముగిస్తాను. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం కదా. ఒక ఏడాది అమ్మ నాయనమ్మ చీర పక్కన, తమ్ముడి చొక్కా పక్కన ఒక కొత్త తుండుగుడ్డ కూడా పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన పోయాడని నీకెవరు చెప్పారు?" అని అరిచాను. అమ్మ కాసేపు ఊరుకుని, ఆ తుండు తీసి, వాకిట్లో దండెం మీద వేసింది. పోయినవాళ్ళలో కాదు, బయటికెళ్ళి ఇంకా రానివాళ్ళలో వేసిందన్నమాట. అప్పటినుంచీ ప్రతి సంక్రాంతికీ ఒక తుండు దండెం మీద ఉంటుంది, పండగయ్యాక కోతలకో నూర్పిళ్ళకో బయటి ఊరినుంచి వచ్చినవాళ్ళు ఎవరు కనపడితే వాళ్ళకి అమ్మ ఇచ్చేస్తుంది, ఎందుకిస్తోందో చెప్పదు. ఇప్పుడు కోతమిషన్లు వచ్చాక కూలీలు రావడం తగ్గింది. పోయిన ఏడు మిషను డ్రైవరుకి ఇచ్చింది, అతను పంజాబీ అబ్బాయి, ముందే తలపాగా ఉంది.

ఆయనకప్పుడు ముప్ఫై ఏళ్ళున్నాయనుకుంటే ఇప్పుడు డెబ్భై అయిదు దాటి ఉంటాయి. బతికుండచ్చు. రేడియో వినే వయసే. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వింటున్నవాళ్ళు మీ ఇంట్లోనో మీ వీధి అరుగు మీదో ఉన్న ముసలివాళ్ళని ఒకసారి అడగండి, ఉప్పెన రాత్రి ఎవరైనా ఆడపిల్లని తుండుతో కట్టుకుని కంపలో కూర్చున్నారా అని. ఉంటే ఆయనకి చెప్పండి, ఆ గుంట ఆ రాత్రి తొంగోలేదని. యాభై దాటాయని, ఇద్దరు పిల్లలని, కుడికాలి మచ్చలు అలాగే ఉన్నాయని, మోకాళ్ళు మాత్రం నొప్పులు పెడుతున్నాయని చెప్పండి. మా అమ్మ ఆయన్ని అడిగిందని కూడా చెప్పండి.