మిగులు బురద: పుట్టకముందే తగ్గించడం

అందరికీ నమస్కారం.

మురుగునీటి శుద్ధి అనగానే బయటికొచ్చే తేటనీరే గుర్తొస్తుంది. రోజూ లారీకెక్కే బురదను ఎవరూ తలచుకోరు. శుద్ధి కేంద్రం నడిపే ఖర్చులో సగం దాకా దానికే పోయే చోట్లున్నాయి.

1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన పద్ధతే ఇప్పటికీ ఎక్కువగా నడుస్తోంది. గాలి కొట్టి సూక్ష్మజీవుల్ని పెంచుతాం, అడుక్కి దిగిన వాటిని మళ్లీ ట్యాంకులోకి పంపుతాం. అవి తిన్నదాంట్లో కొంత శక్తికి ఖర్చవుతుంది, మిగతాది కొత్త కణాలవుతుంది. ఆ కణాలే మన బురద. మురుగులో సూక్ష్మజీవులు తినగల కాలుష్యాన్ని, వాటికి కావాల్సిన ఆక్సిజన్ లెక్కన కొలిచేది బీఓడీ. కిలో బీఓడీ తొలగిస్తే సుమారు అరకిలో బురద పుడుతుంది, ఎండు లెక్కన. రోజుకు 1000 కిలోలు తొలగించేచోట 500 కిలోలు. అందులో ఘనపదార్థం 1 శాతమే ఉంటే అది 50,000 లీటర్ల బురద. 20 శాతానికి పిండితే 2,500 కిలోలకు దిగుతుంది. పిండాల్సిందే. కానీ పోయింది నీరు. ఆ 500 కిలోలు అలాగే ఉన్నాయి.

పుట్టేదాన్నే తగ్గించాలంటే అన్నిటికన్నా సులువైనది బురద వయసు పెంచడం. ఎక్కువ రోజులు ట్యాంకులో ఉంచితే తిండి చాలక కణాలు తమ నిల్వల్నే కరిగించుకుంటాయి. వాటిని తినే జీవులూ చేరతాయి. మంచి బురద చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడండి: గంట ఆకారపు వోర్టిసెల్లా అనే ఏకకణ జీవి కాడ మీద నిలబడి, నీటిని సుడి తిప్పి బ్యాక్టీరియాను నోట్లోకి లాక్కుంటూ ఉంటుంది. ఏదైనా తగిలితే కాడ చటుక్కున స్ప్రింగులా ముడుచుకుంటుంది. ఒకదాన్నొకటి తిన్న ప్రతిసారీ కొంత పదార్థం కార్బన్ డయాక్సైడుగా పోతుంది. ఎంత చూసినా నాకు తనివి తీరదు. రోటిఫర్లనే సూక్ష్మ జంతువులు, చిన్న పురుగులు కూడా ఈ పని చేస్తాయి గానీ, పురుగులు ఎప్పుడొస్తాయో ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం.

ఓజోన్, అల్ట్రాసౌండ్, వేడి, క్షారం, వీటితో కణాల్ని పగలగొట్టి ఆ రసాన్ని తిరిగి తినిపించడం ఇంకో దారి. డైనైట్రోఫినాల్ లాంటి రసాయనాలు కణాల పెరుగుదలను అడ్డుకుంటాయి, నిజమే. కానీ అవి విషాలు. శుభ్రం చేయాల్సిన నీటిలో విషం కలపడానికి నేను ఒప్పుకోను. మురుగు చిక్కగా, వెచ్చగా ఉంటే ముందు గాలిలేని శుద్ధిని ఆలోచించండి. అక్కడ కిలోకు పుట్టే బురద 50 నుంచి 100 గ్రాములే, పైగా మీథేన్ వస్తుంది.

"మా పద్ధతిలో బురదే ఉండదు" అంటూ ఎవరైనా వస్తే రెండు లెక్కలు అడగండి. మొదటిది కరెంటు. గాలి కొట్టే ట్యాంకులో బురదను తగ్గించడమంటే దాన్ని ఆక్సిజన్‌తో కాల్చడమే, కాబట్టి బ్లోయర్ల బిల్లు పెరుగుతుంది. రెండోది భాస్వరం. అది గాలిలోకి పోదు. మామూలు బురద ఎండు బరువులో అది దాదాపు 2 శాతం. అంటే ఆ 500 కిలోలతో రోజూ 10 కిలోలు బయటికెళ్తోంది. బురద సగమైతే, అందులో 5 కిలోలు శుద్ధయిన నీటితో పాటే చెరువుకో నదికో చేరి నాచును పెంచుతాయి. దాన్ని ఆపడానికి ఇనుప లవణం వేస్తే, ఆ లవణం మళ్లీ బురదవుతుంది. ఆ బురదను కూడా కలిపాకే ఎంత తగ్గిందో చూపించమనండి.