అలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్‌లో సన్నాయి ఊపిరి

గిటారిస్ట్ అలన్ హోల్డ్స్‌వర్త్ పేరెత్తితే గిటార్ వాయించేవాళ్లలో కూడా చాలామంది అనేది ఒకటే: "అబ్బో, ఏం స్పీడ్!" ఈ మాట వింటే నాకు చిరాకు. స్పీడ్ ఉంది, కాదనను. కానీ అక్కడే ఆగిపోతే ఈ మనిషి జీవితమంతా దేనికోసం తపించాడో మనకు అందదు.

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1946లో పుట్టాడు. ఆయన కోరుకున్నది శాక్సఫోన్. చేతికొచ్చింది గిటార్. కథంతా ఇక్కడి నుంచే.

పెళ్లిలో సన్నాయి వింటాం కదా. విద్వాంసుడు ఒక్క ఊపిరిలో ఎన్నో స్వరాలు పలికిస్తాడు, ఎక్కడా అతుకు తెలీదు. గిటార్ అలా కాదు. మీటిన ప్రతిసారీ 'టక్'మని ఒక దెబ్బ, వెంటనే నాదం తగ్గిపోవడం. హోల్డ్స్‌వర్త్‌కి ఆ 'టక్' పడదు. అందుకే కుడిచేత్తో ఒకసారి మీటి, మిగతా స్వరాలను ఎడమచేతి వేళ్లతో తీగ మీద కొట్టి పలికిస్తాడు. దీన్ని లెగాటో అంటారు, చాలామంది చేస్తారు. అయితే కింది స్వరానికి దిగేటప్పుడు మామూలుగా వేలితో తీగను పక్కకు లాగి వదులుతారు. ఆ లాగుడు చప్పుడు కూడా ఆయనకు ఇష్టం లేదు. వీలైనంత మానేశాడు. సన్నాయిలో లేని చప్పుడు తన గిటార్‌లోనూ ఉండకూడదన్నంత పంతం!

(క్లిప్: యు.కె. బృందం, 1978, 'ఇన్ ద డెడ్ ఆఫ్ నైట్' సోలో)

స్వరాలు లెక్కపెట్టకండి. ఊపిరి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వినండి.

కార్డులూ (కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి మోగించడం) అంతే. వాల్యూమ్ పెడల్‌తో మీటు చప్పుడును దాచేసి, నాదాన్ని మెల్లగా పైకి తెస్తాడు. సన్నాయి పక్కన ఒత్తు ఊదుతారే, అలా నిండుగా వస్తుంది. ఒత్తు ఒకే శ్రుతి మీద నిలబడుతుంది, ఈయన కార్డులు మాత్రం కదిలిపోతూ ఉంటాయి. నా దృష్టిలో ఆయన గొప్పతనం సోలోల కంటే ఈ కార్డుల్లోనే ఎక్కువ.

మరి ఇంతటివాడు ఎందుకు మరుగునపడ్డాడు? సాఫ్ట్ మెషీన్, గాంగ్, యు.కె., బ్రూఫర్డ్... ఏ బృందంలోనూ ఎక్కువకాలం నిలవలేదు, పేరేమో బృందాలకు దక్కింది. పేరున్న రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ పూనుకుని వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీలో 1983లో 'రోడ్ గేమ్స్' రికార్డు వచ్చేలా చేసినా పెద్ద సంస్థతో పొత్తు నిలవలేదు.

అందుకే 'ఐడలాన్' అనే సంకలనం నాకు అంత ముఖ్యం. 2017 ఏప్రిల్‌లో వచ్చింది. రెండు డిస్కులు, సొంత ఆల్బమ్‌ల నుంచి తానే ఏరిన పాటలు. అది వచ్చిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 15న, కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. అప్పుడే 12 డిస్కుల పెట్టె కూడా వచ్చింది కానీ, కొత్తవాళ్లు రెండు డిస్కులతో మొదలుపెట్టడమే మేలు.

టైం అయిపోతోంది, గబగబా ఇంకొక్కటి. 1986లో 'అటవక్రాన్' ఆల్బమ్ నుంచి సింథాక్స్ పట్టాడు. గిటార్‌లా వేళ్లతో వాయిస్తూ సింథసైజర్‌ని పలికించే యంత్రం అది. దానికి నోటితో ఊదే గొట్టం కూడా తగిలించుకున్నాడు! ఊదితే నాదం పెరుగుతుంది, ఆపితే ఆగుతుంది. ఆ దశ నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. ఇంతసేపూ చెప్పిన సన్నాయి సంగతి తలుచుకుని ఇంకోసారి వినండి, ఎందుకు పట్టాడో అర్థమవుతుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి, ఫోన్ స్పీకర్‌లో ఆ కార్డులు సగం వినపడవు.