డాబా మీద సొరుగుల బల్ల, సముద్రం అడుగున వెండి రూపాయలు

నమస్కారం. చెన్నై పెరంబూరులోని మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. నా వెనుక నల్లటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, తాళ్ళతో బిగించి కనిపిస్తున్నది ఒక పాత సొరుగుల బల్ల. వీధిలోంచి దీన్ని ఇంట్లోకి మోసుకొచ్చింది నేను. ఇంట్లోంచి ఇక్కడికి గెంటించింది మా ఆవిడ.

ఇతరులు పారేసినవాటిలో పనికొచ్చేది ఏరుకోవడం నాకు ఉన్న ఏకైక సరదా. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్ళు దిగిపోయాక, జనం తడిసినవీ తడవనివీ కలిపి వీధుల్లో కుప్పలు పోశారు. ఆ కుప్పల్లోనే ఈ బల్ల దొరికింది. ఇత్తడి పిడులు, చేత్తో చెక్కిన అంచులు చూసి, పుదుపేట పాత సామాన్ల కొట్లలో దీనికి ఎంత పలుకుతుందోనని లెక్కలు వేసుకుంటూ తెచ్చాను. నాలుగు నెలలు గడిచాక ఒకనాడు మా ఆవిడ ఊడుస్తూ, "ఏమండీ, ఇక్కడ గసగసాలు ఒలకబోసింది ఎవరు?" అని అడిగింది.

అవి గసగసాలు కావు. అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూస్తే, ఒక్కొక్క గింజకూ ఆరు పలకలు స్పష్టంగా కనిపించాయి. పొడి కట్టెలో బతికే చెదలు తమ మలంలోని నీటిని చివరి బొట్టు దాకా పేగులోనే పిండుకుని, ఎండిన గుళికలను సన్నటి కన్నంలోంచి బయటికి నెట్టేస్తాయి. ఆ పిండుడులోనే వాటికి ఆరు పలకలు ఏర్పడతాయి. నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ గోడ పాకే మామూలు చెదలను ఎవరైనా గుర్తుపడతారు. వీటికి మట్టితో పనిలేదు, తడి అవసరం అంతకన్నా లేదు. కుర్చీలోనో పటం చట్రంలోనో కూర్చుని, మనతోపాటే ఇల్లు మారతాయి. నా బల్ల పైపలకను వేలితో తడితే అప్పడంలా పటుక్కున విరిగింది.

నిజం చెప్పాలంటే మా ఇంటికి నేను తెచ్చిన అతిథులు ఇవొక్కటే కాదు. పాత రేడియో వెనుక మూత విప్పితే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చింతపిక్కల రంగులో బొద్దింకల గుడ్ల తిత్తులు వరుసగా అంటుకుని ఉన్నాయి. ఒక పడక కుర్చీ ద్వారా నల్లులు వచ్చాయి, వాటి సంగతి తలచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. మెట్ల కింద పోగుచేసిన గోనె సంచుల్లో పందికొక్కు కాపురం పెట్టింది. ఇంగ్లీషువాళ్ళు ఈ జీవి పేరును మన తెలుగులోంచే పట్టుకుపోయి బాండికూట్ అని తిప్పుకున్నారన్నది నేను గర్వంగా చెప్పబోతే, ఇంట్లో ఎవరూ వినిపించుకోలేదు.

ఇంత జరిగినా ఈ సరదా మానకపోవడానికి కారణం సముద్రం. ఆదివారం ఉదయం మెరీనా ఇసుకలో చిల్లర నాణేలు ఏరుతున్నప్పుడు, నా మనసు 'సిటీ ఆఫ్ కైరో' అనే ఓడ మీదికి పోతుంది. 1942 అక్టోబరులో బొంబాయి నుంచి సుమారు వంద టన్నుల వెండి రూపాయలతో బయలుదేరిన ఆ ఓడను, నవంబరు 6న సెయింట్ హెలీనా దీవికి దక్షిణాన ఒక జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. మన తాతలు సంతలో చెల్లించిన రూపాయల వంటివే, దాదాపు 5,150 మీటర్ల లోతున డెబ్బై ఏళ్ళు పడి ఉండి, 2013లో పైకి వచ్చాయి. ఆ సంగతి లోకానికి తెలిసింది 2015లో. 1940 డిసెంబరులో కలకత్తా విడిచి, మరుసటి ఫిబ్రవరిలో ఐర్లండుకు నైరుతి దిక్కున మునిగిన 'గేర్‌సొప్పా' నుంచి కూడా 2012, 2013 సంవత్సరాల్లో వేల సంఖ్యలో వెండి కడ్డీలు బయటపడ్డాయి. కర్ణాటకలోని ఒక ఊరి పేరు మోసిన ఓడ అది.

ఈ ఇనుప ఓడలకు ముందునాటి కొయ్య ఓడల కథలు చదివేటప్పుడే నా బల్ల నాకు గుర్తుకొచ్చింది. సముద్రంలోనూ చెద లాంటిది ఒకటి ఉంది, ఇంగ్లీషులో షిప్‌వర్మ్ అంటారు. చూడ్డానికి పురుగే అయినా, అది నిజానికి ఆల్చిప్పల జాతి జీవి. తల దగ్గరి రెండు చిన్న చిప్పలతో కొయ్యను తొలుచుకుంటూ పోతుంది. చెదలకు కట్టెను అరిగించిపెట్టేది వాటి పొట్టలోని సూక్ష్మజీవులైతే, దీనికి ఆ సాయం మొప్పల్లోని బాక్టీరియా నుంచి అందుతుంది. ఇది తొలిచిన ఓడలు నీళ్ళు తోడినా నిలవకపోవడం వల్లనే కొలంబస్ 1503లో జమైకా తీరానికి చేరి, ఏడాదిపాటు అక్కడే చిక్కుకుపోయాడు. 1628లో మునిగిన స్వీడన్ ఓడ 'వాసా'ను 1961లో దాదాపు చెక్కుచెదరకుండా పైకి తీయగలిగారంటే, ఉప్పు తక్కువైన బాల్టిక్ నీటిలో ఈ పురుగు బతకలేకపోవడం అందుకు పెద్ద కారణం. ఇతర చోట్ల ఇసుక కప్పని కొయ్యంతా వీటి పాలై, మిగిలేవి వెండి, పింగాణి, ఫిరంగులు. నిధి వెతికేవాళ్ళకు లోహమే దొరకడం వెనుక ఈ పురుగు భోజనం కూడా ఉంది.

ఇక బల్ల విషయానికి వస్తే, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండల్లో దీన్ని ఇలా నల్ల పట్టాలో చుట్టి ఉంచాను. కొయ్య గుండె దాకా వేడి యాభై డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే చెదలు చస్తాయి. పలుచటి సొరుగుల విషయంలో నాకు నమ్మకం ఉంది. లావు కాళ్ళ లోపలికి అంత వేడి దిగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. అందుకే పట్టా విప్పాక కింద నల్ల గుడ్డ పరిచి నెల రోజులు చూస్తాను. గుడ్డ మీద కొత్త గసగసాలు రాలితే బల్లను వదులుకోవలసిందే.

పోయిన వారం కాశిమేడు రేవు దగ్గర ఒక పాత పడవ చెక్క ముక్క దొరికింది. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను: చిటికెన వేలు పట్టేటన్ని కన్నాలు, ఒక్కొక్క దాని లోపల సున్నం పూసినట్టు తెల్లటి పొర. సముద్రపు చెద తన సొరంగానికి తానే పూసుకున్న పూత ఇది. ఉప్పునీరు లేకుండా అది బతకలేదనీ, ఎండిన ఈ ముక్కలో ఇప్పుడేమీ లేదనీ మా ఆవిడకు రెండుసార్లు వివరించాను. అంతా విని, "అయితే అది కూడా డాబా మీదే ఉంటుంది" అంది.